దూరం రెట్టింపైతే వెలుగు పావు వంతు అంటారు, మరి ఎదురింటి గోడ అలాగే ఉందేం?

ట్యూషన్ టీచర్, ఆమదాలవలస

అందరికీ నమస్కారం. పదో తరగతి, ఇంటర్ పిల్లలకి సాయంత్రాలు ఇంట్లోనే ఫిజిక్స్ చెబుతుంటాను. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని ఏళ్ల తరబడి బోర్డు మీద రాస్తున్నదే. పిల్లలు కూడా రాసుకుని మార్కులు తెచ్చుకుంటున్నారు. ఈసారి ఒకడు మాత్రం దాని వెంటపడ్డాడు.

వాళ్ల నాన్నది స్టేషన్ దగ్గర టీ కొట్టు. వీడు చీకటి పడ్డాక ప్లాట్‌ఫాం మీదే తిరుగుతుంటాడు. వాడి మాట ఇది: "టీచర్, ఆగకుండా ఎల్లిపోయే బండి లైటు చాలాసేపు ఒక్కలాగే చుక్కలా ఉంటాది. ఎదురొస్తందా లేదా కూడా తెలీదు. ఆఖర్న ఒక్కసారిగా కళ్లు చెదిరిపోతాయి. మీ లెక్క ప్రకారం మెల్లమెల్లగా పెరగాలి కదేటి?"

దానికి ఏదో సర్దిచెప్పేలోపు రెండోది వేశాడు. మా ఎదురింటికి కొత్తగా పసుపు రంగు కొట్టారు. గేటు దగ్గర రెండు మీటర్ల నుంచి చూసినా, వీధిలో ఇరవై మీటర్లు వెనక్కి వెళ్లి చూసినా ఆ పసుపు అదే పసుపు. దూరం పది రెట్లయింది కాబట్టి వెలుగు వందో వంతు కావాలి. అంటే గోడ దాదాపు నల్లగా కనిపించాలి. కనిపించడం లేదు.

సరే, కొలిచే చూద్దామని ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసి, గదిలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ముందు పెట్టాం. మీటరు దూరంలో 96 లక్స్ వచ్చింది. రెండు మీటర్లకి 24 రావాలి, 31 వచ్చింది. మూడు మీటర్లకి 11 దగ్గర రావాలి, 19 వచ్చింది. నాలుగడుగుల ట్యూబ్ లైటైతే మరీ ఘోరం. 30 సెంటీమీటర్ల నుంచి 60కి జరిపితే సగానికి కొంచెం తగ్గిందంతే, పావు దరిదాపులకి కూడా రాలేదు.

ఇంకొకటి. భూమికి సూర్యుడు ఎంత దూరమో నెప్ట్యూన్‌కి దానికి 30 రెట్లు. అంటే ఎండ 900 రెట్లు తక్కువ. మా వాళ్లు అప్పుడే నెప్ట్యూన్ మీద మిట్టమధ్యాహ్నం అమావాస్యలా ఉంటుందని బొమ్మ కూడా గీసేశారు. నిజంగా అంత చీకటా?

టెక్స్ట్‌బుక్‌లో వాక్యం ఇక్కడ మళ్లీ పెట్టకండి, పుస్తకం నా దగ్గర ఉంది.

టెక్కలి కుర్రాడు

టీచర్ గారూ, ముందు ఆ యాప్‌ని తీసేయండి. ఫోన్‌లో ఉండే లైట్ సెన్సార్ స్క్రీన్ వెలుతురు పెంచడానికీ తగ్గించడానికీ పెట్టింది. దాన్తో ప్రయోగాలు చేస్తే ఇలాగే ఉంటుంది. నియమం సరైనదే, మీ మీటర్ తప్పు.

పాత లెక్చరర్, శ్రీకాకుళం

ఫోన్‌ని ఎందుకయ్యా ఆడిపోసుకుంటావు, పాపం అది బాగానే చెప్పింది. టీచర్ గారూ, మీ మూడు అంకెల్లోంచీ తలా పది తీసేయండి. 86, 21, 9 మిగులుతాయి. 86లో నాలుగో వంతు 21.5, తొమ్మిదో వంతు తొమ్మిదిన్నర. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ పది ఎక్కడిదంటే, మీ గది గోడలది. తెల్ల సున్నమో, లేత రంగో అయి ఉంటుంది. బల్బు వెలుగు గోడలకీ సీలింగుకీ తగిలి గదంతా కలియతిరిగి మళ్లీ ఫోన్ మీద పడుతుంది. ఆ వాటా గదిలో ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. దగ్గర్లో 96 ముందు పది లెక్కలోకి రాదు, మూడు మీటర్ల దగ్గర సగం అదే. బల్బుని డాబా మీదికి పట్టుకెళ్లి చేయండి. చుట్టూ గోడలుండవు. బల్బు వెలిగించక ముందు వీధిలైటు వల్ల ఎంత వస్తోందో చూసుకుని అది తీసేయండి.

ట్యూబ్ లైటు విషయం వేరు. నియమం బిందువులాంటి దీపానికి. నాలుగడుగుల ట్యూబుకి అడుగు దూరంలో నిలబడితే అది బిందువెలా అవుతుంది, గీత. పొడవైన గీత నుంచి వెలుగు దూరానికి తగ్గట్టు తగ్గుతుంది తప్ప దూరం వర్గానికి కాదు. మీది నాలుగడుగులే కాబట్టి రెండిటికీ మధ్యలో ఎక్కడో వచ్చింది. దీపం సైజుకి కనీసం ఐదు రెట్ల దూరం వెళ్తేనే విలోమ వర్గ నియమం నమ్మదగ్గట్టు పనిచేస్తుందని వెలుగు కొలిచేవాళ్లు ఒక లెక్క పెట్టుకుంటారు. మీ ట్యూబుకి అది ఆరు మీటర్లు. గదిలో కుదరదు.

ఇక గోడ. అసలు పేచీ ఇక్కడే, దీన్ని చాలా పుస్తకాలు దాటేస్తాయి. నియమం ఎందుకొచ్చిందో ముందు గుర్తు చేసుకోండి. ఒక గరిటె పిండితో దోశ పోస్తున్నాం. వెడల్పు రెట్టింపు చేస్తే పెనం మీద నాలుగింతల చోటు పరుచుకుంటుంది, మందం పావు వంతవుతుంది. పిండి ఎక్కడికీ పోలేదు. దీపం నుంచి బయల్దేరిన కాంతి కూడా అంతే, దూరం రెట్టింపైన చోట నాలుగింతల విస్తీర్ణానికి సరిపెట్టుకోవాలి. కాబట్టి మీ కంటిపాపలోకి దూరే వాటా పావు. గోడకీ ఇదే వర్తిస్తుంది, మినహాయింపేమీ లేదు. రెండు మీటర్ల దగ్గర నుంచి నాలుగు మీటర్లకి జరిగితే, ఆ గోడలో ఒక్కో ఇటుక నుంచి మీ కంట్లోకి వచ్చే వెలుగు నిజంగానే పావు వంతు అవుతుంది.

అయితే ఆ ఇటుక కూడా చిన్నదిగా కనిపిస్తుంది కదా! పొడవు సగం, ఎత్తు సగం. కంటి వెనక రెటీనా మీద దాని బొమ్మ పావు చోటుకి కుంచించుకుపోతుంది. పావు వెలుగు, పావు చోటు. వెలుగుని చోటుతో భాగిస్తే ఎప్పటి అంకే వస్తుంది. అందుకే పసుపు అదే పసుపు. దీన్ని ఉపరితల ప్రకాశం అంటారు, మధ్యలో పొగో మంచో లేనంత వరకూ దూరంతో దానికి పని లేదు.

నక్షత్రం దగ్గర ఈ సర్దుబాటు జరగదు. అది మన కంటికి బిందువే, ఇంకా చిన్నదిగా కనిపించే వీల్లేదు. దూరం పెరిగితే వెలుగు తగ్గడం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి మీ కుర్రాడికి ఒక్క ముక్కలో చెప్పాలంటే, కంటిలోకి వచ్చే మొత్తం వెలుగు ఎప్పుడూ వర్గం ప్రకారమే తగ్గుతుంది. మెరుపు తగ్గినట్టు కనిపిస్తుందా, సైజు తగ్గినట్టు కనిపిస్తుందా అన్నది ఆ వస్తువుకి కనిపించే వెడల్పు ఉందా లేదా అన్నదాన్ని బట్టి.

బండి లైటు గురించి వాడన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నియమం చెప్పేదీ అదే. బండి గంటకి 72 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి, అంటే సెకనుకి 20 మీటర్లు. నాలుగు కిలోమీటర్ల నుంచి రెండుకి రావడానికి 100 సెకన్లు, వెలుగు నాలుగింతలు. రెండు నుంచి ఒకటికి 50 సెకన్లు, మళ్లీ నాలుగింతలు. ఆ తర్వాతి నాలుగింతలకి 25 సెకన్లు చాలు. చివర్లో 250 మీటర్ల నుంచి 30 మీటర్లకి వచ్చే పదకొండు సెకన్లలో దాదాపు 70 రెట్లు! పైగా కన్ను తేడాలని కూడికల్లో చూడదు, రెట్లలో చూస్తుంది. క్రీస్తు పూర్వం హిప్పార్కస్ చుక్కల్ని ఒకటో తరగతి, రెండో తరగతి అని ఆరు తరగతులుగా విడదీశాడంటారు. 1856లో నార్మన్ పాగ్సన్ దాన్ని లెక్కలో బిగించి, ఐదు తరగతుల తేడా అంటే సరిగ్గా 100 రెట్లు అన్నాడు. అదే మాగ్నిట్యూడ్, అంకె ఎంత తగ్గితే చుక్క అంత మెరుపు, మైనస్‌లోకి వెళ్తే ఇంకా ఎక్కువ. నాలుగింతల వెలుగంటే అందులో ఒకటిన్నర మెట్టు మాత్రమే. నూరు సెకన్లు కాచుకుంటే ఒకటిన్నర మెట్టు పెరిగే వెలుగుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడు గమనించలేడు. (పిల్లాడు పట్టాల వైపు వంగి చూడటం లేదు కదా? అది మాత్రం గట్టిగా చెప్పండి.)

నెప్ట్యూన్ బొమ్మ చించేయమనండి. భూమి వాతావరణం పైన సూర్యుడి వెలుగు లక్షా ముప్పై వేల లక్స్ దాకా ఉంటుంది. 900తో భాగిస్తే 140 చిల్లర. మీ 9 వాట్ల బల్బు మీటరు దూరంలో ఇచ్చినదానికన్నా ఎక్కువే, హాయిగా పేపరు చదువుకోవచ్చు! పున్నమి చంద్రుడి కన్నా సూర్యుడు మనకి సుమారు నాలుగు లక్షల రెట్లు వెలుగు. 900 పోయినా ఇంకా 440 పున్నముల పెట్టు మిగులుతుంది. 1989లో వాయేజర్-2 నెప్ట్యూన్ పక్కనుంచి వెళ్తూ ఫొటోలు తీసిందీ ఆ వెలుగులోనే. అయితే కెమెరా ఎక్కువసేపు తెరిచి ఉంచాలి కాబట్టి, బొమ్మ చెదరకుండా నౌకనే తిప్పుతూ తీశారు.

గోడ సంగతి ఇక్కడా వర్తిస్తుంది. అక్కడి నుంచి సూర్యబింబం వెడల్పు మనకి కనిపించేదాన్లో ముప్పయ్యో వంతు, కంటికి దాదాపు చుక్కే. కానీ ఆ చుక్కలో ఉండే మెరుపు ఇక్కడి సూర్యుడిదే. తేరిపార చూడలేం.

విజయనగరం, ఎనిమిది అంగుళాల దుర్భిణి

మాస్టారు చెప్పిన ఉపరితల ప్రకాశం గొడవ నాకు దుర్భిణి కొన్నాకే తలకెక్కింది. ఇంటి చుట్టూ లైట్లు ఎక్కువని తాటిపూడి వైపు బండి మీద వేసుకుపోతుంటాను. వచ్చిన ప్రతివాడూ ఆండ్రోమెడా గెలాక్సీ చూపించమంటాడు. చూపిస్తే "ఇదేనా? ఇంత పెద్ద గొట్టంలో కూడా బూడిద మరకలాగే ఉందేటి" అంటాడు. వాడి తప్పేం లేదు. దుర్భిణి నక్షత్రం లాంటి బిందువుని ఎంతైనా మెరిపిస్తుంది. వెడల్పున్న వస్తువునైతే పెద్దది చేయగలదు గానీ, దాని ఉపరితల ప్రకాశాన్ని మామూలు కంటికి కనిపించేదానికన్నా పెంచలేదు. ఎంత పెద్ద అద్దం పెట్టినా అంతే.

ఇంకా తమాషా చెప్తాను. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ఆకాశంలో ఆరు పున్నమి చంద్రులు పక్కపక్కన పెట్టినంత పొడవు. అది సగం దూరానికి వచ్చేసిందనుకోండి. నాలుగింతల ఆకాశాన్ని ఆక్రమిస్తుంది, మొత్తం వెలుగు నాలుగింతలవుతుంది, కానీ ఇప్పుడెంత పాలిపోయి ఉందో అప్పుడూ అంతే! సినిమాల్లో చూపించేట్టు గెలాక్సీ ఎదురుగా ధగధగలాడదు.

టీచర్ గారూ, పిల్లలకి ఒక లెక్క ఇవ్వండి. చలికాలం రాత్రుళ్లు దక్షిణాన కిందుగా అగస్త్య నక్షత్రం, దానికి బాగా పైన లుబ్ధకుడు కనిపిస్తాయి. లుబ్ధకుడు మైనస్ 1.46 మాగ్నిట్యూడ్, 8.6 కాంతి సంవత్సరాలు. అగస్త్యుడు మైనస్ 0.74, సుమారు 310 కాంతి సంవత్సరాలు. రెండిట్లో ఏది ఎన్ని రెట్లు పెద్ద దీపమో తేల్చమనండి. ఒక జాగ్రత్త. మన జిల్లాల్లో అగస్త్యుడు ఎంత పైకొచ్చినా 19 డిగ్రీలకి మించడు. నెత్తి మీదున్న చుక్క కన్నా మూడింతల గాలిని దాటుకుని రావాలి. అసలే సముద్రం పక్క గాలి, తేమ. అందుకని కళ్లతో చూసి పోల్చొద్దు, ఆ మాగ్నిట్యూడ్లతోనే లెక్క కట్టండి.

ట్యూషన్ టీచర్, ఆమదాలవలస

మాస్టారూ, డాబా మీద చేశాం. వీధిలైటు వాటా తీసేశాక 84, 21, 9! పిల్లలు ఈలలు వేశారు, కింద ఇంటావిడ ఏమైందని పైకొచ్చింది. ఇక ఇటుక లెక్క బోర్డు మీద వేశాక ఆ టీ కొట్టు కుర్రాడు నోరెత్తలేదు. అంటే ఒప్పుకున్నట్టే, వాడి సంగతి నాకు తెలుసు.

విజయనగరం తమ్ముడూ, మీ లెక్క కూడా అయింది. దూరం 36 రెట్లు, వర్గం చేస్తే సుమారు 1,300. మాగ్నిట్యూడ్ తేడా 0.72, అంటే లుబ్ధకుడు కనిపించడానికి 1.94 రెట్లు ఎక్కువ. 1,300ని 1.94తో భాగిస్తే 670. అంటే అగస్త్యుడు లుబ్ధకుడికి 670 రెట్ల దీపం! ఎంతో దూరంలో ఉండి కూడా రెండో స్థానం కొట్టేశాడు.

అయితే ఇక్కడే ఒక అమ్మాయి పట్టుకుంది. "దూరం తెలుసు కాబట్టి వాటేజీ కట్టాం. దూరం తెలీని వాటికి వెలుగు చూసి దూరం చెప్తారంటారు కదా, వాటేజీ ఎలా తెలుస్తుంది?" అని. దగ్గర్లో ఉన్న చిన్న దీపమా, దూరంలో ఉన్న పెద్ద దీపమా అన్నది వెలుగు ఒక్కటే చూసి చెప్పలేం కదా.

పాత లెక్చరర్, శ్రీకాకుళం

ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే పెద్దపెద్దవాళ్లు కొన్ని వందల ఏళ్లు ఇరుక్కున్నారు.

పదిహేడో శతాబ్దంలో క్రిస్టియాన్ హైగెన్స్ ఏం చేశాడంటే, చీకటి గొట్టం చివర చిన్న బెజ్జం పెట్టి, సూర్యుడి వెలుగు రాత్రి చూసిన లుబ్ధకుడంత అయ్యేదాకా ఆ బెజ్జాన్ని తగ్గించుకుంటూ పోయాడు. లుబ్ధకుడూ సూర్యుడూ ఒకే వాటేజీ దీపాలనుకుని, అది సూర్యుడికన్నా 27,664 రెట్ల దూరంలో ఉందని తేల్చాడు. ఆయన పోయాక 1698లో అచ్చయింది. నిజం ఐదు లక్షల నలభై వేల రెట్లు. ఇరవై రెట్లు తేడా వచ్చింది. లుబ్ధకుడు నిజానికి సుమారు 25 సూర్యుళ్ల దీపం. 25కి వర్గమూలం 5, కాబట్టి ఆ ఇరవైలో ఐదు వాటేజీ అంచనా మింగేసింది. మిగతా నాలుగు పగలు చూసిన వెలుగుని రాత్రి జ్ఞాపకంతో పోల్చడం వల్ల వచ్చిందనుకోవాలి. చేతిలో లక్స్ మీటర్ లేని మనిషికి అది గొప్పే అంటాను నేను.

దారి చూపించింది హెన్రియెట్టా లెవిట్. హార్వర్డ్ వేధశాలలో ఫొటో పలకల మీద చుక్కలు కొలిచే ఉద్యోగం ఆవిడది. సెఫీడ్‌లని కొన్ని చుక్కలు క్రమం తప్పకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. చిన్న మెగలానిక్ మేఘంలో (పేరుకి మేఘమే గానీ, మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) అలాంటివి 25 తీసుకుని 1912లో చూపించింది, మెరుపు ఎక్కువున్నవాటికి ఆ పెరిగి తగ్గే కాలం కూడా ఎక్కువని. అవన్నీ ఒకే మేఘంలో, అంటే ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. కాబట్టి కనిపించే తేడా వాటేజీ తేడాయే. ఇక ఎక్కడ సెఫీడ్ కనిపించినా ఎన్ని రోజులకోసారి మినుకుతోందో చూస్తే వాటేజీ తెలిసిపోతుంది, దాన్నుంచి దూరం. 1923లో హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ పట్టుకుని, అది మన పాలపుంతకి ఎంతో అవతల ఉందని తేల్చింది ఇలాగే. ఆయనకి వచ్చింది తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలు. సెఫీడ్‌లలో రెండు రకాలున్నాయని 1952లో వాల్టర్ బాడే చెప్పాక గానీ ఆ దూరం సరిపడలేదు. మళ్లీ వాటేజీ తంటాయే.

టెక్కలి కుర్రాడు

సరే, ఫోన్ మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మాస్టారూ, టీచర్ గారి గదిలో గోడలు పది లక్స్ కలిపినట్టు, ఆకాశంలో ఏదో ఒకటి లెక్క చెడగొట్టదా? అక్కడ డాబా లేదు కదా ఎక్కడానికి.

విజయనగరం, ఎనిమిది అంగుళాల దుర్భిణి

చెడగొడుతుంది, కాకపోతే కలపదు, మింగుతుంది. నక్షత్రాల మధ్య దుమ్ముంది. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నక్షత్ర గుచ్ఛాల దూరాలని రెండు రకాలుగా కట్టాడు, సైజుని బట్టి ఒకటి, వెలుగుని బట్టి ఒకటి. వెలుగుని బట్టి కట్టినవి ఎప్పుడూ ఎక్కువే వచ్చాయి. మధ్యలో ఏదో వెలుగుని తినేస్తోందని అలా దొరికింది. ఆ దుమ్ము నీలం రంగుని ఎక్కువ, ఎరుపుని తక్కువ ఆపుతుంది. అందుకే ఒకే చుక్కని నీలం ఫిల్టర్‌లోంచి ఒకసారి, ఎర్ర ఫిల్టర్‌లోంచి ఒకసారి కొలుస్తారు. ఉండాల్సినదానికన్నా ఎంత ఎర్రబారిందో చూసి, దుమ్ము ఎంత తిన్నదో లెక్కగట్టి, అది కలిపాకే దూరం కడతారు.

ఇంకో మాట, ఈ లెక్కలన్నీ చివరికి సూర్యుడు మనకెంత దూరం అన్న కొలత మీదే నిలబడ్డాయి. ఆ కొలత కోసం 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ప్రపంచమంతా గమనిస్తుంటే, మన పక్కనే విశాఖపట్నంలో అంకితం వెంకట నర్సింగరావు గారు కూడా దుర్భిణి పెట్టి చూశారు. వాళ్ల మామగారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత డబ్బుతో పెట్టుకున్న వేధశాల అది. మీ పిల్లలకి చెప్పండి, టీచర్ గారూ. అగస్త్యుణ్ణి చూపించడానికి జనవరిలో తాటిపూడి వైపు తీసుకొస్తానంటే దుర్భిణి నేను మోసుకొస్తాను. పున్నమి దగ్గర్లో మాత్రం పెట్టకండి.